వృద్ధుల ఒంట్లో నీరు తగ్గితే వాచీ పసిగట్టగలదా?

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. తిరుపతి, రేణిగుంట, శ్రీకాళహస్తి వైపు ఎండ అంతదాకా ఆగదు, ఏప్రిల్‌లోనే 40 డిగ్రీలు దాటేస్తుంది. ఏ మండలంలో వడగాడ్పులు వీస్తాయో, ఎక్కడ తీవ్ర వడగాడ్పులో రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ ముందురోజే జాబితా ఇస్తుంది. అమ్మానాన్నల్ని ఇక్కడి వృద్ధాశ్రమాల్లో ఉంచి బెంగళూరులోనో చెన్నైలోనో అమెరికాలోనో ఉద్యోగాలు చేసుకునే పిల్లలకు ఆ జాబితా చూస్తే టెన్షన్. పెద్దలందర్నీ పిల్లలే తెచ్చి వదిలారనుకోకూడదు. వెంకన్న పాదాల దగ్గర శేషజీవితం గడపాలని తామే కోరి వచ్చి చేరినవాళ్ళూ ఈ ఊళ్ళో చాలామంది ఉన్నారు.

ఇలాంటి కుటుంబాల ముందుకు ఇప్పుడు కొత్త మాటలు వస్తున్నాయి. ఇరవై నాలుగు గంటల హెల్త్ మానిటరింగ్ అంటారు, డీహైడ్రేషన్‌ను ముందే కనిపెట్టే బ్యాండ్ అంటారు, తాగిన నీళ్ళు లెక్కపెట్టే బాటిల్, పరుపు కింద పెట్టే సెన్సర్ అంటారు. ఇవన్నీ ఒక్క గాటన కట్టదగినవి కావు. కొన్ని నిజంగా పనికొస్తాయి. కొన్ని పనికొచ్చేది వేరే పనికి. కొన్నిటి గురించి చెప్పే గొప్పలకు ఆధారం చాలా పలచన. ఏది ఏమిటో తెలియాలంటే ముందు ఒంట్లో జరిగేదేమిటో చూడాలి.

నీరు తగ్గడం రెండు రకాలు

వాంతులు, విరేచనాలు పట్టుకుంటే నీటితో పాటు ఉప్పు కూడా పోతుంది. రక్తం పరిమాణమే తగ్గుతుంది. బీపీ పడిపోతుంది, లేచి నిలబడితే కళ్ళు బైర్లు కమ్ముతాయి. ఇది అందరూ గుర్తుపట్టే రకం.

రెండోది చడీచప్పుడు లేకుండా వస్తుంది. రోజూ కావలసినంత తాగకపోవడం వల్ల వచ్చేది ఇది. మూత్రంలో, చెమటలో, ఊపిరిలో నీరు పోతూనే ఉంటుంది, ఉప్పు మాత్రం చాలావరకు లోపలే ఉండిపోతుంది. దాంతో రక్తంలో లవణాల గాఢత పెరిగి, కణాల్లో ఉన్న నీటిని బయటికి లాగేస్తుంది. బీపీ చాలా రోజులు బాగానే కనిపించవచ్చు. మనిషి మాత్రం నీరసపడతాడు, మలబద్ధకం వస్తుంది, మాట తడబడుతుంది, నిన్నటిదాకా గుర్తున్న పేరు ఇవాళ గుర్తుండదు. ఇంట్లోవాళ్ళు వయసైపోయింది కదా అనుకుంటారు. పడిపోవడం, యూరిన్ ఇన్ఫెక్షన్, కిడ్నీ ఉన్నట్టుండి దెబ్బతినడం దాని వెనకే వస్తాయి.

వృద్ధాశ్రమాల్లో ఎక్కువగా దాక్కుని ఉండేది ఈ రెండో రకమే. ఇంగ్లండ్‌లోని కేర్ హోమ్‌లలో రక్తపరీక్షలు చేసి చూసిన ఒక అధ్యయనంలో ఇంచుమించు ప్రతి ఐదుగురిలో ఒకరికి ఇది ఉన్నట్టు తేలింది. ఆ చలిదేశంలో వడదెబ్బ ప్రసక్తే తక్కువ. అంటే ఎండ దీన్ని ముదరబెడుతుందే గానీ అసలు కారణం తాగకపోవడమే. మన దగ్గర మే నెలలో హడావిడి చేసి డిసెంబర్‌లో మరిచిపోవడం అందుకే సరికాదు.

దాహం వేస్తే తాగరా?

ఈ ప్రశ్న న్యాయమైనదే. జవాబు 1984లోనే ఒక పరిశోధన ఇచ్చింది. ఆరోగ్యంగా ఉన్న కుర్రవాళ్ళను, 67 నుంచి 75 ఏళ్ళ మగవాళ్ళను 24 గంటల పాటు నీళ్ళు తాగకుండా ఉంచి, ఆ తర్వాత కావలసినంత తాగమన్నారు. పెద్దవాళ్ళ ఒంట్లో నీరు బాగానే తగ్గింది, అయినా వాళ్ళకు దాహం పెద్దగా వేయలేదు. తాగిందీ తక్కువే. జబ్బులేమీ లేని పెద్దల్లోనే ఇలా ఉందని గుర్తుంచుకోవాలి.

దానికి తోడు ఒంట్లో నిల్వ కూడా తగ్గుతుంది. వయసులో ఉన్న మగవాళ్ళ బరువులో దాదాపు 60 శాతం నీరే. ముసలితనంలో కండ కరిగిపోతుంది, నీటిని ఎక్కువగా పట్టి ఉంచేది కండే కాబట్టి ఆ వాటా 50 శాతానికి, ఆడవాళ్ళలో ఇంకా కిందికి దిగుతుంది. మూత్రాన్ని చిక్కబరిచి నీరు మిగుల్చుకునే శక్తి కిడ్నీకి తగ్గుతుంది. బీపీకో గుండెకో వాడే నీరు పోయే మాత్రలు, షుగర్‌కు వాడే డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మందులు మూత్రాన్ని ఇంకా పెంచుతాయి.

ఇవన్నీ శరీరం సంగతులు. మనసు సంగతి ఇంకొకటి ఉంది, దాన్ని ఏ సెన్సరూ చూడలేదు. నీళ్ళు తాగితే రాత్రి రెండుసార్లు లేవాలి. లేవాలంటే ఆయాను పిలవాలి. ఆయమ్మ అప్పుడే కాస్త కునుకు తీసి ఉంటుంది. పడిపోతానేమో, పక్క తడుపుతానేమో, నలుగురిలో పరువు పోతుందేమో. ఎందుకొచ్చిన గోల అని సాయంత్రం ఆరు దాటాక గ్లాసు ముట్టని అవ్వలు ప్రతి ఆశ్రమంలోనూ కనిపిస్తారు. ఏకాదశి నాడు పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టనివాళ్ళు ఉంటారు, తిరుపతిలో వాళ్ళ సంఖ్య తక్కువగా ఉండదు. వీళ్ళలో ఎవరికీ నీళ్ళు దొరకక కాదు. గ్లాసు చేతికందేంత దూరంలోనే ఉంటుంది.

నాలుక చూసి, చర్మం లాగి చెప్పేయవచ్చా?

మనందరం నేర్చుకున్న గుర్తులు కొన్ని ఉన్నాయి. నాలుక పిడచగట్టుకుపోవడం, చేతిమీద చర్మం లాగి వదిలితే మెల్లగా వెనక్కి పోవడం, మూత్రం ముదురు పసుపులోకి మారడం. పిల్లల్లో వీటికి విలువ ఉంది. పెద్దవాళ్ళలో ఇవి మోసం చేస్తాయి. ముసలి చర్మానికి సాగే గుణమే పోయి ఉంటుంది, నీరు నిండుగా ఉన్నా లాగితే అలాగే నిలబడుతుంది. నోరు తెరుచుకుని నిద్రపోయేవాళ్ళకు, కొన్ని మందులు వాడేవాళ్ళకు నాలుక ఎప్పుడూ ఎండిపోయే ఉంటుంది. మూత్రం రంగు విషయానికొస్తే, చిక్కబరిచే శక్తి తగ్గిన కిడ్నీ నీరు తక్కువైనప్పుడు కూడా లేతరంగు మూత్రాన్నే పంపవచ్చు. నీరు సరిపడా ఉన్నా ఒక్క బీకాంప్లెక్స్ మాత్రతో అది ముదురు పసుపుగా మారిపోతుంది.

2015లో, వైద్య పరిశోధనలను జల్లెడపట్టి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ సమీక్ష ఇలాంటి గుర్తులన్నిటినీ ఒకచోట చేర్చి పరిశీలించి, పెద్దవాళ్ళలో ఏ ఒక్కదాన్నీ విడిగా నమ్మలేమని తేల్చింది. క్లినికల్ న్యూట్రిషన్ మీద పనిచేసే యూరప్ సంఘం ఎస్పెన్ తన మార్గదర్శకాల్లో ఇంకా సూటిగా చెప్పింది. వృద్ధుల్లో నీటి లోటును తేల్చడానికి చర్మం, నోరు, మూత్రం రంగు, బరువులో మార్పు వంటివి వాడవద్దంది. ఒంట్లోకి అతి తక్కువ కరెంటు పంపి నీటి శాతం చెప్పే బయో ఇంపెడెన్స్ యంత్రాన్ని కూడా ఆ జాబితాలోనే చేర్చింది. ఇప్పుడు మార్కెట్లో దొరికే బాడీ కాంపోజిషన్ తూకం మెషీన్లలో ఉన్నది ఈ పద్ధతే కాబట్టి ఆ మాట పట్టించుకోవాలి.

తేల్చేది రక్తపరీక్ష: ఒక రిపోర్టు లెక్క

రక్తంలో కరిగి ఉన్న పదార్థాల గాఢతను సీరం ఆస్మోలాలిటీ అంటారు. ఎస్పెన్ ప్రకారం అది 300 దాటితే, తాగక వచ్చిన డీహైడ్రేషన్ ఉన్నట్టు. దాన్ని నేరుగా కొలిచే యంత్రం అన్ని ల్యాబుల్లో ఉండదు. లేనిచోట మామూలు రక్తపరీక్ష అంకెలతోనే లెక్క కట్టే సూత్రం ఒకటుంది. సోడియం, పొటాషియం కలిపి 1.86తో హెచ్చించాలి. దానికి గ్లూకోజ్‌కు 1.15 రెట్లు, యూరియా, ఆపైన 14 కలపాలి. మొత్తం 295 దాటితే జాగ్రత్తపడాలి. ఒక చిక్కుంది: ఈ సూత్రం అన్నీ మిల్లీమోల్స్‌లో అడుగుతుంది. మన ల్యాబులు గ్లూకోజ్‌ను, యూరియాను మిల్లీగ్రాముల్లో ఇస్తాయి. గ్లూకోజ్ అంకెను 18తో, యూరియా అంకెను 6తో భాగిస్తే సరిపోతుంది.

ఊహకు ఒక రిపోర్టు అనుకుందాం. సోడియం 142, పొటాషియం 4.2, తిన్నాక చూసిన గ్లూకోజ్ 126, యూరియా 48. మొదటి రెండూ కలిపితే 146.2, దాన్ని 1.86తో హెచ్చిస్తే 271.9. గ్లూకోజ్ 126ను 18తో భాగిస్తే 7, దానికి 1.15 రెట్లు 8.05. యూరియా 48ను 6తో భాగిస్తే 8. వీటికి 14 కలిపితే మొత్తం దాదాపు 302.

ఆ రిపోర్టు కాగితం మళ్ళీ ఒకసారి చూడండి. సోడియం మామూలు హద్దుల్లోనే ఉంది. పొటాషియం సరేసరి. యూరియా ఒక్కటే హద్దు కాస్త దాటింది, దాని పక్కన చిన్న గుర్తు పడి ఉంటుంది. విడివిడిగా చూస్తే పెద్ద తేడా ఏమీ లేదని పక్కన పెట్టేసే రిపోర్టే ఇది. కలిపి చూస్తేనే విషయం బయటపడుతుంది. ఇంకో రిపోర్టులో సోడియం 136, పొటాషియం 4, గ్లూకోజ్ 108, యూరియా 30 ఉంటే మొత్తం 286 వస్తుంది, అక్కడ ఈ కోణంలో భయం లేదు.

ఈ లెక్కకూ పరిమితి ఉంది. కిడ్నీ జబ్బు ముదిరినవాళ్ళకు యూరియా ఎప్పుడూ ఎక్కువే, షుగర్ అదుపు తప్పితే గ్లూకోజ్ ఎక్కువే. అలాంటప్పుడు మొత్తం పెరిగినంత మాత్రాన నీటి లోటు అని చెప్పేయలేం. అర్థం చెప్పాల్సింది డాక్టరే. కానీ తిరుపతిలో ఏ మామూలు ల్యాబ్‌లోనైనా జరిగే పరీక్షలతోనే ఇంత సమాచారం వస్తుందన్నది ఆశ్రమాలు నడిపేవాళ్ళకు తెలిసి ఉండాలి.

రక్తపరీక్షకు ఉన్న పెద్ద లోపం, అది సూది గుచ్చిన ఆ క్షణం మాటే చెబుతుంది. రోజూ గుచ్చలేం. రెండు పరీక్షల మధ్య రోజుల్ని ఎలా కనిపెట్టి చూడాలన్నదే అసలు సమస్య, టెక్నాలజీ వచ్చి కూర్చునేది ఆ ఖాళీలోనే.

వాచీ కొలిచేది నీటిని కాదు

బండికి పెట్రోలు మీటర్ ఉన్నట్టు ఒంట్లో నీటికి మీటర్ లేదు. మణికట్టు బ్యాండ్ చర్మం మీద ఆకుపచ్చ వెలుగు వేసి, తిరిగొచ్చే వెలుగులోని తేడాలను బట్టి నాడి లెక్కపెడుతుంది. కొన్ని చర్మం వేడిని, చెమట తడి వల్ల మారే విద్యుత్ వాహకతను కూడా చూస్తాయి. మిగతాదంతా సాఫ్ట్‌వేర్ వేసే అంచనా. నీరు తగ్గితే గుండె వేగం పెరుగుతుంది కాబట్టి, వేగం పెరిగింది కాబట్టి నీరు తగ్గి ఉండవచ్చు అని అది తిరగేసి చదువుతుంది.

ఈ తర్కం ఎక్కడ తెగిపోతుందో చూడండి. బీపీకి, గుండెకు మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటి బీటా బ్లాకర్లు వేసుకునే పెద్దలు ఎందరో. ఆ మందు పనే గుండె వేగాన్ని పెరగనీయకపోవడం. వాళ్ళ ఒంట్లో నీరు బాగా తగ్గినా బ్యాండ్‌లో నాడి నిదానంగానే కనిపించవచ్చు. చాలా ఏళ్ళుగా షుగర్ ఉన్నవాళ్ళలో నరాలు దెబ్బతిని గుండె స్పందన మందగించి ఉంటుంది. ఇంకోవైపు జ్వరం, నొప్పి, రక్తహీనత, ఆందోళన కూడా నాడిని పెంచుతాయి. చెమట మీద ఆధారపడే ప్యాచ్‌ల సంగతి ఇంకా కష్టం. అవి ముందుగా పేరు తెచ్చుకున్నది ఆటగాళ్ళ కోసం. వయసు పెరిగేకొద్దీ చెమట పట్టడమే తగ్గుతుంది, ఫ్యాన్ కింద పడుకున్న మనిషికి పట్టేది మరీ తక్కువ.

చర్మం రంగు ప్రశ్న కూడా ఉంది. వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్ నల్లజాతి రోగుల్లో ఆక్సిజన్‌ను ఉన్నదానికంటే ఎక్కువ చేసి చూపించిన సందర్భాలు తెల్లవాళ్ళకంటే ఎక్కువని అమెరికాలో 2020లో వచ్చిన అధ్యయనం చూపింది. వెలుగుతో పనిచేసే ఏ పరికరాన్నైనా మన చామనఛాయ, నలుపు చర్మాల మీద విడిగా పరీక్షించాలి.

మరి బ్యాండ్ దండగేనా? కాదు. దాని బలం వేరే చోట ఉంది. ఒక పెద్దాయనకు రాత్రి నిద్రలో నాడి ఎప్పుడూ 66, 68 ఉండి, మూడు రాత్రులుగా 80 దగ్గర నడుస్తోందనుకోండి. రాత్రి లేచి తిరగడం కూడా పెరిగింది. కారణం డీహైడ్రేషనో, యూరిన్ ఇన్ఫెక్షనో, నొప్పో బ్యాండ్ చెప్పలేదు. ఏదో మారిందని మాత్రం చెబుతుంది. నలభై మందిని చూసుకునే ఇద్దరు ఆయాల కంటికి అది ఆనకపోవచ్చు. డీహైడ్రేషన్‌ను కనిపెట్టే యంత్రంగా కాకుండా, వెళ్ళి ఒకసారి మనిషిని చూడమని చెప్పే యంత్రంగా అనుకుంటే దాని విలువ సరిగ్గా అర్థమవుతుంది.

బాటిల్ లెక్క ఎక్కడ తప్పుతుంది

కారణం తాగకపోవడమే కాబట్టి, తాగినది కొలిచే పరికరం తర్కరీత్యా అన్నిటికంటే సూటైనది. స్మార్ట్ బాటిళ్ళు, కప్పులు అడుగున ఉన్న సెన్సర్‌తో బరువు తగ్గడాన్నో, నీటి మట్టం దిగడాన్నో, ఎంత వంచారన్నదాన్నో బట్టి లెక్క వేస్తాయి. ఇవి తయారైనది బాటిల్‌ను పెదాలకు ఆనించి గుటక గుటకగా తాగే అలవాటును దృష్టిలో పెట్టుకుని. మన పెద్దలు అలా తాగరు. చెంబో గ్లాసో పైకెత్తి, పెదవికి తగలకుండా నోట్లో పోసుకుంటారు. బాటిల్ ఇచ్చినా స్టీలు గ్లాసులోకి వంచుకునే తాగుతారు.

ఒక ఉదాహరణ వేసుకుందాం. పొద్దున ఆయా బాటిల్ నింపి పెట్టింది. పెద్దాయన గ్లాసులోకి 150 మిల్లీలీటర్లు వంచుకుని తాగారు. పక్కమంచం ఆయన అడిగితే 200 పోసి ఇచ్చారు. భోజనం అయ్యాక 100తో నోరు పుక్కిలించి ఉమ్మారు. యాప్ 450 తాగినట్టు రాసుకుంది. నిజంగా కడుపులోకి పోయింది 150.

అదే రోజు ఆయన పదింటికి రాగి జావ 200, మధ్యాహ్నం అన్నంలో రసం 100, చివర్లో మజ్జిగ 200, నాలుగింటికి కాఫీ 120 తీసుకున్నారు. ఇవేవీ బాటిల్‌కు తెలియవు. కలిపితే 620. అంటే ఆ పూటకు ఆయన ఒంట్లోకి చేరింది 770, యాప్‌లో ఉన్నది 450. తప్పు రెండు వైపులా జరిగింది, ఒక తప్పు ఇంకో తప్పును కొంత కప్పేసింది. గోడకు తగిలించిన కాగితం మీద ఆయా పెన్సిలుతో గీతలు పెట్టి ఉంటే ఇంతకంటే దగ్గరి లెక్క వచ్చేది. గీతలు సాయంత్రం అన్నీ ఒకేసారి పెట్టేయకుండా ఎప్పటికప్పుడు పెడితేనే సుమా.

ఎంత తాగాలన్న అంకె కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఎస్పెన్ ప్రకారం రోజుకు పెద్ద వయసు ఆడవాళ్ళకు కనీసం 1.6 లీటర్లు, మగవాళ్ళకు కనీసం 2 లీటర్లు తాగే ద్రవాలు అందాలి. టీ, కాఫీ, పాలు, మజ్జిగ అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. యూరప్ వాతావరణానికి వేసిన అంకె అది. రాయలసీమ వేసవిలో కావలసింది ఇంకా ఎక్కువే ఉంటుంది. కానీ గుండె బలహీనమై నీరు పట్టేవాళ్ళకు, డయాలిసిస్ మీద ఉన్నవాళ్ళకు డాక్టరే నీళ్ళు తగ్గించమని చెప్పి ఉంటారు. అందరికీ 2 లీటర్ల గురి పెట్టిన యాప్ వాళ్ళ పాలిట ప్రమాదం.

బరువు చూసే మంచాలు, డైపర్ సెన్సర్లు

ఒక లీటరు నీరంటే ఒక కిలో. 52 కిలోల అవ్వ మూడు రోజుల్లో 50.9కి దిగితే, పోయిన 1.1 కిలోలు బరువులో 2 శాతం పైనే. మూడు రోజుల్లో అంత కొవ్వు కరగదు, కాబట్టి నీరేమో అన్న అనుమానం సబబే. కానీ ఒకరోజు నూలు చీరలో, ఇంకోరోజు పట్టుచీరలో తూచినా తేడా వస్తుంది. కాళ్ళ వాపుకు నీరు పోయే లాసిక్స్ మాత్రలు మొదలుపెట్టిన వారంలో బరువు తగ్గడం మంచి కబురే. బరువు ఒక్కదాన్నే నమ్మవద్దని చెప్పడానికి కారణాలు ఇవే. డైపర్ ఎన్నిసార్లు తడిసిందో చెప్పే సెన్సర్లదీ ఇదే కథ. నీరు పోయే మాత్రలు వాడే మనిషి ఒంట్లో లోటు ఉన్నా డైపర్ తడుస్తూనే ఉంటుంది.

గదిలో వేడి, తేమ చెప్పే చిన్న మీటర్ గురించి ఎవరూ ప్రకటనలు వేయరు. నా దృష్టిలో పెట్టిన డబ్బుకు తగిన ఫలితం ఇచ్చేది అదే. పైకప్పు రేకులదైతే, పడమటి గోడకు ఆనుకుని మంచం ఉంటే, పగలు ఊళ్ళో 41 డిగ్రీలు అన్న రోజున రాత్రి ఆ గదిలో ఎంత ఉందో అది ఎవరినీ తాకకుండా చెబుతుంది.

నలభై మంది, పద్నాలుగు అలర్ట్‌లు

పరికరం ఎంత కచ్చితమైనదన్న ప్రశ్నకు అమ్మేవాళ్ళు ఒక శాతం చెబుతారు. ఆ శాతం ఆశ్రమంలో ఎలా మారిపోతుందో లెక్క కట్టి చూద్దాం. అంకెలు ఊహకు వేసుకున్నవే. చంద్రగిరి రోడ్డులో నలభై మంది ఉన్న ఒక హోమ్. ఐదుగురిలో ఒకరి చొప్పున ఎనిమిది మందికి నిజంగా నీటి లోటు ఉంది. లోటు ఉన్నవాళ్ళలో నూటికి 75 మందిని పరికరం పట్టుకుంటుంది, లోటు లేనివాళ్ళలో నూటికి 75 మందిని లేదనే చెబుతుంది. వినడానికి బాగానే ఉంది.

ఎనిమిది మందిలో ఆరుగురికి అలర్ట్ వస్తుంది, ఇద్దరు జారిపోతారు. మిగిలిన ముప్పై రెండు మందిలో ఎనిమిది మందికి ఏమీ లేకపోయినా అలర్ట్ వస్తుంది. మొత్తం పద్నాలుగు అలర్ట్‌లలో నిజమైనవి ఆరు, సగం కూడా కాదు. మొదటి వారం నర్సు పద్నాలుగు మంచాల దగ్గరికీ పరుగెత్తుతుంది. నెల తిరిగేసరికి ఆ మోతకు అలవాటుపడుతుంది. ఆస్పత్రి ఐసీయూల్లో మానిటర్లు పెరిగిన దగ్గర్నుంచీ ఈ ఇబ్బంది అందరికీ తెలిసిందే. మనిషి నిర్లక్ష్యం అనేకంటే లెక్క స్వభావమే అంత.

జారిపోయిన ఇద్దరి సంగతి ఇంకా ముఖ్యం. యాప్‌లో ఆకుపచ్చ చుక్క చూసి, ఆ పూట వాళ్ళకు గ్లాసు అందించడం ఎవరైనా మానేస్తే, పరికరం లేనప్పటికంటే వాళ్ళ పరిస్థితి దిగజారుతుంది.

నిర్వాహకులు, పిల్లలు, నర్సులు: ఎవరి మాటలో ఎంత నిజం

ఆశ్రమం నడిపేవాళ్ళ మాట కొట్టిపారేయదగ్గది కాదు. పనివాళ్ళు దొరకరు, దొరికినవాళ్ళు నిలవరు, రాత్రిపూట ఒక్కరే అందర్నీ చూడాలి. అలాంటప్పుడు ముందుగా ఎవరి దగ్గరికి వెళ్ళాలో చెప్పే ఏ సాయమైనా మేలే అంటారు. రికార్డు ఉంటుంది, రేపు ఏదైనా జరిగితే చూపించుకోవచ్చు అన్నది వాళ్ళు కాస్త మెల్లగా చెప్పే రెండో కారణం.

పిల్లలకు కావలసింది మనశ్శాంతి. న్యూజెర్సీలో ఉన్న కొడుక్కి తిరుపతి మధ్యాహ్నం రెండింటి అలర్ట్ వేసవిలో తెల్లవారుజామున నాలుగున్నరకు చేరుతుంది. నాన్నగారి ఫోన్ మోగుతూనే ఉంటుంది, ఎవరూ తీయరు. ఈ అలర్ట్ ఆ కొడుకు నిద్ర పోగొట్టిందే గానీ తండ్రికి ఒక గ్లాసు నీళ్ళు అందించలేదు. సమాచారం ముందు చేరాల్సింది మంచానికి దగ్గర్లో ఉన్న మనిషికి.

నర్సులు, ఆయాలు అనేది వేరే. ఆ బ్యాండ్ ఛార్జింగ్ పెట్టడం, గాజుల మధ్య సర్దడం, స్నానానికి తీసి మళ్ళీ తొడగడం, యాప్‌లో ఎక్కించడం అంతా తమ మీదే పడుతుందని, ఆ సమయంలో నలుగురికి మజ్జిగ పోయవచ్చని అంటారు. నాకు ఈ మాటలోనే ఎక్కువ బరువు కనిపిస్తుంది. ఇంగ్లండ్‌లోని బెర్క్‌షైర్ కేర్ హోమ్‌లలో పరికరాలేవీ లేకుండా, రోజుకు ఏడుసార్లు వేళ ప్రకారం అందరికీ ఏదో ఒకటి తాగించే పద్ధతి పెడితే యూరిన్ ఇన్ఫెక్షన్లతో ఆస్పత్రికి పోయేవాళ్ళు తగ్గారు. డాక్టర్లలో చాలామంది రెండూ కావాలంటారు. వేళకు తాగించడం పునాది, దాని మీద మార్పును గమనించే పరికరం, అనుమానం వస్తే రక్తపరీక్ష అన్నది వాళ్ళ వరస. పునాది లేకుండా పై అంతస్తు కొనేవాళ్ళతోనే పేచీ.

అలర్ట్ వచ్చాక గ్లాసులో ఏం ఉండాలి

ఇక్కడ కూడా ఆ రెండు రకాల తేడా పనికొస్తుంది. విరేచనాలతో ఉప్పు, నీరు రెండూ పోయినవాళ్ళకు ఓఆర్ఎస్ సరైనది. తాగక వచ్చిన లోటులో ఒంట్లో ఉప్పు గాఢత అప్పటికే ఎక్కువగా ఉంది. వాళ్ళకు కావలసింది నీరు, వాళ్ళకు ఇష్టమైన రూపంలో. ఎస్పెన్ కూడా ఈ రకానికి ఓఆర్ఎస్ చెప్పదు. పలచని మజ్జిగ, టీ, కొబ్బరినీళ్ళు, జావ ఏదైనా సరే, షుగర్, కిడ్నీ, గుండె జబ్బులను బట్టి ఎంచుకోవాలి. కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళకు కొబ్బరినీళ్ళలోని పొటాషియం మంచిది కాదు. తియ్యటి పానీయాల డబ్బాల మీద ఓఆర్ఎస్ అన్న పేరు వేసుకోవడాన్ని కేంద్ర ఆహార భద్రతా సంస్థ 2025 అక్టోబర్‌లో నిషేధించింది. షుగర్ ఉన్న పెద్దలకు వాటిని ఓఆర్ఎస్ అనుకుని తాగించిన ఇళ్ళకు ఆ నిర్ణయం విలువ తెలుస్తుంది.

మెడికల్ డివైస్ అన్న మాటకు బరువెంత

మన దేశంలో 2020 ఏప్రిల్ నుంచి వైద్య పరికరాలన్నీ ఔషధాల చట్టం కిందికి వచ్చాయి. జబ్బును గుర్తించడానికి అని చెప్పి అమ్మే పరికరానికి ఆ నిబంధనలు వర్తిస్తాయి. వెల్‌నెస్ కోసం అని చెప్పి అమ్మే వాచీలు ఆ గీతకు ఇవతలే ఉండిపోతాయి. డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఇది వైద్య నిర్ధారణకు కాదు అని ఉంటుంది, అమ్మకందారు నోటి మాటలో మాత్రం డీహైడ్రేషన్ కనిపెడుతుంది అని ఉంటుంది. సూది గుచ్చకుండా షుగర్ చెబుతామనే వాచీలను, ఉంగరాలను నమ్మవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది కూడా ఇలాంటి తేడా వల్లే.

ఇంకొకటి, ఆ పెద్దమనిషి ఒప్పుకున్నారా అన్నది. నిద్ర, మూత్రం, నాడి వివరాలు ఆయనవి, ఫీజు కట్టే కొడుకువి కావు. వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది, అనుమతి అడగడం దాని మూలసూత్రం. మతిమరుపు ముదిరినవారి తరఫున ఎవరు ఒప్పుకోవాలి, ఆశ్రమం మారితే ఆ రికార్డు ఎక్కడికి పోతుంది అన్నవి చేరేటప్పుడే కాగితం మీద తేలాల్సిన విషయాలు.

పరికరం మాట నిజమో కాదో తేల్చే పరీక్ష మాత్రం కష్టమైనదేమీ కాదు. అదే మనుషులకు, అదే రోజు, ఒకపక్క పరికరం అంకె, ఇంకోపక్క రక్తంలో ఆస్మోలాలిటీ పెట్టి పోల్చాలి. ఆ మనుషుల్లో గుండె జబ్బులవాళ్ళు, నీరు పోయే మాత్రలు వాడేవాళ్ళు, షుగర్‌వాళ్ళు ఉండాలి, ఎందుకంటే ఆశ్రమాల్లో ఉండేది వాళ్ళే. ఎండలో పరుగెత్తే ఇరవై ఏళ్ళ ఆటగాళ్ళ మీద చేసిన ట్రయల్ కాగితం చూపిస్తే, బీటా బ్లాకర్ వేసుకుని ఫ్యాన్ కింద పడుకునే 82 ఏళ్ళ అవ్వ గురించి దాన్నిబట్టి ఏమీ చెప్పలేం.